నెల్లూరు గొర్రె బొచ్చు ఎందుకు అట్టగట్టదు: పులికాట్ పక్షులను ఉన్నితో మలచాలనుకునేవారికి సమాధానం

కావలి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. మేనమామగారి మందలోని పల్ల అనే తెల్ల రకం నెల్లూరు గొర్రెల మీద నుంచి కత్తిరించిన బొచ్చును ఆమె నెల రోజుల పాటు ఫెల్టింగ్ సూదితో (ఉన్నిని పొడిచి అట్టగట్టించే గంట్ల సూది) పొడుస్తూ పులికాట్ సరస్సు రాజహంసను (ఫ్లెమింగో), నేలపట్టు పక్షుల అభయారణ్యపు గూడబాతును (పెలికాన్) చేయడానికి ప్రయత్నించారు. బొచ్చు పట్టు కట్టక రాలిపోతోంది. రాజహంస కాళ్లు ఒంటి బరువు మోయలేక వాలిపోతున్నాయి. విసిగిపోయి, లోపల థర్మోకోల్ ఉండ పెట్టి, పైన గులాబీ రంగు ఊలు దారం అతికించి ముగించవచ్చునా అని అడిగారు. పూర్తయిన బొమ్మకు పురుగు పట్టకుండా ఏం చేయాలని కూడా అడిగారు.

నేను ఒంగోలులో పదమూడేళ్లుగా ఉన్నితో పక్షులను, తాబేళ్లను, చెట్లను మలుస్తున్నాను. ఈ ప్రశ్నలో లోపం మీ చేతిది కాదు, మీరు ఎంచుకున్న పోగుది. అందుకే ముందు దాని గురించి వివరంగా చెబుతాను.

ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే దాని ఒంటి నిండా చేప పొలుసుల వంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. ఆ పొలుసులన్నీ కుదురు నుంచి కొస వైపుకు తిరిగి ఉంటాయి. అందువల్ల పోగు కుదురు వైపుకు సులువుగా జారుతుంది, కొస వైపుకు జారబోతే పక్క పోగుల పొలుసులకు తగులుకొని ఆగిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తోడైనప్పుడు వేల పోగులు ఇలా ఒకే దిశలో ముందుకు పోతూ, వెనక్కు రాలేక, ఒకదానిలో ఒకటి చిక్కుకొని అట్టగడతాయి. సూదితో చేసే పనిలో నీటికి, సబ్బుకు బదులు సూది అంచుల మీది చిన్న గంట్లు పోగులను లోపలికి లాక్కొని పోతాయి. ఏ పద్ధతిలోనైనా పోగు సన్నగా, మెత్తగా, సహజమైన వంకులతో ఉంటేనే చిక్కు బిగుస్తుంది.

నెల్లూరు గొర్రె ఉన్ని గొర్రె కాదు. అది వెంట్రుక గొర్రె. మన దేశపు గొర్రె జాతులలో అన్నిటికన్నా పొడవైనదిగా పేరు పొందిన ఈ జాతిని ఎండకు, వేడికి ఓర్చుకొని మాంసానికి ఎదిగేదిగా తరతరాల కాపరులు ఎంచి పెంచారు. ఉన్ని కోసం ఎన్నడూ పెంచలేదు. తెల్లని పల్ల, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రని దొర అనే మూడు రకాల్లోనూ ఒంటి మీద ఉండేది పొట్టి, బిరుసు వెంట్రుకే. ఇలాంటి బిరుసు పోగు నడుమ బోలుగా ఉంటుంది, పొలుసులు ఒంటికి అంటుకుపోయి ఉంటాయి, వంకులు ఉండవు. మీరు నెల కాదు, సంవత్సరం పొడిచినా అది చీపురు పుల్లల కట్టలాగే విడివిడిగా ఉండిపోతుంది.

ఈ మాట విని మీరు తెచ్చుకున్న బొచ్చును పారవేయవద్దు. అట్టగట్టని ఆ గుణమే కొన్ని చోట్ల మనకు కావలసింది. గూడబాతు గూటిలోని పుల్లలకు, నీటి అంచున మొలిచే తుంగకు, ఎండిన గడ్డికి ఈ బిరుసు వెంట్రుకకు సాటి వచ్చే మెత్తని ఉన్ని లేదు. వెంట్రుక కట్టలను మధ్యకు మడిచి, ఆ మడత దగ్గర మాత్రమే ఉన్నిలోకి సూదితో దింపితే కొసలు స్వేచ్ఛగా నిలబడతాయి. ఎప్పుడైనా నెల్లూరు పొట్టేలునే మలచదలిస్తే, ఉన్నితో ఒడలు కట్టి దాని వెంట్రుకనే దానికి పై పొరగా నాటవచ్చు. దొర రకపు ఎరుపును ఏ అద్దకమూ అంత నిజంగా ఇవ్వలేదని నా అనుభవం.

ఒడలు కట్టడానికి మనకు దగ్గరలో దొరికే సరైన పోగు దక్కనీ గొర్రెది. తెలంగాణలోను, రాయలసీమలోను కురుమలు, కురుబలు గొంగళ్లు నేసేది దీనితోనే. ముతకగా, నలుపు, గోధుమ, బూడిద రంగుల్లో ఉండే ఈ ఉన్ని ముఖం మీద నునుపు పనికి తగదు గాని, లోపలి గుండెకు ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. రెండు మూడు వందల పోట్లలోనే గట్టి ముద్దగా మారుతుంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు బంధువులుంటే కత్తిరింపు కాలంలో నేరుగా కాపరుల దగ్గరే అడగండి. పైపొరకు తెల్లని, సన్నని ఉన్ని కావాలి. నేను రాజస్థాన్‌లోని చోక్లా జాతి ఉన్నిని బికనేరు వ్యాపారుల ద్వారా తెప్పించుకుంటాను. విదేశీ మెరినో గొర్రె ఉన్ని మరింత మెత్తనిది, మొదటిసారి చేసేవారికి అనుకూలమైనది కూడా. కానీ మన సరస్సు పక్షికి సముద్రాలు దాటి వచ్చిన ఉన్ని తప్పనిసరి కాదని నా అభిప్రాయం.

కాపరుల దగ్గర తెచ్చిన ఉన్నిలో పల్లేరు కాయలు, పేడ ఉండలు, ఇసుక ఉంటాయి. ముందు ఆరుబయట దులిపి, చేతితో విడదీసి, గోరువెచ్చని కుంకుడు రసంలో అరగంట కదపకుండా నాననివ్వండి. పిండకూడదు, రుద్దకూడదు, వేడినీటి నుంచి చన్నీటికి మార్చకూడదు. ఈ మూడింటిలో ఏది చేసినా ఉన్ని తొట్టిలోనే అట్టగడుతుంది. కుంకుడు ఉన్ని కొవ్వును పూర్తిగా లాగివేయదు కనుక పోగు పెళుసెక్కదు. నీడలో ఆరిన తరువాత ఏకడం ముఖ్యం. దూదిని ఏకినట్లే, ముళ్ల బద్దలు రెండు తీసుకొని పోగులు ఒక వరుసకు వచ్చేదాకా దువ్వి ఏకులుగా చుట్టుకోవాలి. గూడబాతుకు అసలు రంగే అవసరం లేదు. తెల్ల ఉన్ని మూడు పాళ్లు, నల్ల దక్కనీ ఉన్ని ఒక పాలు కలిపి ఏకితే వచ్చే బూడిద రంగులో అద్దకంతో రాని లోతు ఉంటుంది, ఎందుకంటే కన్ను దానిలో తెల్ల పోగునూ నల్ల పోగునూ విడిగానే చూస్తుంది. చాలామంది గూడబాతును పాలలా తెల్లగా చేస్తారు. నేలపట్టులో గూళ్లు కట్టే మచ్చల ముక్కు గూడబాతు బూడిద కలిసిన తెలుపు. పై ముక్కు అంచు వెంట వరుసగా మచ్చలు, మెడ వెనుక రేగిన చిన్న జుట్టు ఉంటాయి. ఆ మచ్చలు లేకుండా చేస్తే అది వేరే పక్షి అవుతుంది.

ఇప్పుడు థర్మోకోల్ సంగతి. దయచేసి వద్దు. పులికాట్ మన దేశంలో చిలికా తరువాత రెండవ అతిపెద్ద ఉప్పునీటి సరస్సు; దాని ఒడ్డునా, మన సముద్రపు ఒడ్డునా అలల గీత వెంట నడిచినవారికి వలల ముక్కలు, థర్మోకోల్ పూసలు ఎలా పేరుకొని ఉంటాయో తెలుసు. ఆ పూసలను కడుపులో దాచుకున్న రాజహంసను ప్రకృతి కళగా ప్రదర్శనలో నిలబెట్టడానికి నాకు మనసు రాదు. బజారులో ఊలు పేరుతో అమ్మే గులాబీ ఉండల్లో ఎక్కువ భాగం యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ పోగు. కొనేముందు ఒక చిన్న కొసను నిప్పుకు చూపండి. అసలు ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో మెల్లగా మాడి, వేళ్లతో నలిపితే పొడి అయిపోయే బూడిదను మిగులుస్తుంది. యాక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లని పూసగా మారుతుంది. దానికి పొలుసులు లేవు కనుక ఎలాగూ సూదికి సరిగా పట్టు కట్టదు. ఖర్చు తగ్గించాలంటే లోపలి గుండెకు దక్కనీ ఉన్నిలో మిగిలిన ముతక తుక్కును, పాత గొంగడి పీచును వాడండి. అది థర్మోకోల్ కన్నా చవకగా పడుతుంది.

రాజహంస గులాబీకి ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు చాలు. ఆ పక్షికి ఆ రంగు పుట్టుకతో రాదు. తినే నాచు, చిన్న రొయ్యల జాతి జీవుల్లోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల పెరిగే కొద్దీ పడుతుంది. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. పులికాట్‌కు ప్రధానంగా వచ్చే పెద్ద రాజహంస ఒళ్లంతా గులాబీ కాదు, తెలుపు మీద గులాబీ నీడ; అసలు ఎరుపంతా రెక్క మీది చిన్న ఈకల్లోనే ఉంటుంది, ఎగిరే ఈకలు నలుపు, అవి రెక్క విప్పినప్పుడే బాగా కనిపిస్తాయి. కాబట్టి 100 గ్రాముల ఉన్నికి రంగు నిలిచేందుకు 15 గ్రాముల పటిక కట్టు వేసి, మంజిష్ఠ రసాన్ని 70 డిగ్రీలు దాటనివ్వకుండా మెల్లగా కాచి, మొదటి ముంచులో రెక్కల ఎరుపును, అదే రసంలో రెండవ, మూడవ ముంచుల్లో ఒంటి లేత గులాబీని తీయండి. వేడి ఎక్కువైతే గోధుమ ఛాయ దిగుతుంది. నల్ల ఈకలకు దక్కనీ నలుపే చాలు. కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపితే మరింత గాఢమవుతుంది గాని అన్నభేది మోతాదు మించితే పోగు పెళుసై విరుగుతుంది. పసుపుతో అద్దినది ఎండకు నిలవదు, దాన్ని పెట్టుకోకండి.

కాళ్ల దగ్గరకు వద్దాం, ఎందుకంటే అక్కడే ఎక్కువ బొమ్మలు ఓడిపోతాయి. మీరు పంపిన ఫొటోలో రాజహంస మోకాలు ముందుకు వంగి ఉంది. పక్షి కాలి మధ్యలో మనకు మోకాలిలా కనిపించే కణుపు నిజానికి మడమ కీలు. అది వెనక్కే వంగుతుంది. అసలు మోకాలు కడుపు పక్కన ఈకల చాటున ఉంటుంది. ఈ ఒక్క తప్పు సరిదిద్దితే చూపులోనూ, బరువు నిలవడంలోనూ సగం ఇబ్బంది తీరుతుంది, ఎందుకంటే పాదం ఒంటి మధ్య బరువుకు సరిగ్గా కిందికి వస్తుంది.

మెత్తని కట్టుతీగ 30 సెంటీమీటర్ల ఎత్తు పక్షిని మోయలేదు. నేను పాత సైకిల్ చక్రాల స్టీలు పుల్లలను వాడతాను. సుమారు 2 మిల్లీమీటర్ల మందంతో నిటారుగా ఉండే ఆ పుల్లకు మడమ దగ్గర స్వల్పమైన వంపు ఇచ్చి, మరలు ఉన్న కొసను పీఠంలోకి దించి, పై కొసను ఒంటి లోపల ఉంగరంలా వంచండి. ఉంగరం లేకపోతే ఉన్ని పుల్ల చుట్టూ గిర్రున తిరుగుతుంది. నున్నని లోహం మీద ఉన్ని జారిపోతుంది కనుక ముందు సన్నని పురికొసను బిగుతుగా చుట్టి, దాని మీద ఉన్నిని పలుచగా ఒకే దిశలో చుట్టుకుంటూ పోవాలి. మెడకు మాత్రం వంగే తీగ కావాలి. పాత మోటారు వైండింగ్ నుంచి తీసిన రాగి తీగను రెండు పేటలుగా పురి పెట్టి వాడితే మన ఉప్పుగాలికి తుప్పు పట్టదు. చిలుము పడుతుంది గాని అది లోపలే ఉండిపోతుంది.

మరొక ఉపాయం పక్షి దగ్గరే నేర్చుకున్నాను. రాజహంస మేసేటప్పుడు తల పూర్తిగా కిందికి వంచి, ముక్కును తిరగేసి నీటిలో ఉంచి వడకడుతుంది. ఆ భంగిమను ఎంచుకుంటే ముక్కు కొస పీఠానికి తాకి మూడవ కాలిలా బరువు మోస్తుంది. మీ మొదటి రాజహంసను ఇలాగే చేయమని గట్టిగా చెబుతాను. తల ఎత్తి నిలబడిన పక్షిని, ఒంటికాలి మీద నిద్రించే పక్షిని తరువాత చేయవచ్చు.

సూదుల విషయంలో, ఒడలు కట్టడానికి 36 నంబరు, సాధారణ పనికి 38, ముఖం నునుపుకు 40 చాలు. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. ఏ కోణంలో దించారో అదే కోణంలో తీయాలి, లేకపోతే విరిగి ముక్క లోపల ఉండిపోతుంది. స్పాంజి బదులు గోనె గుడ్డ సంచిలో నూకలు నింపి అడుగున పెట్టుకోండి. గూడబాతు ముక్కు కింది సంచికి మాత్రం సూది పని మొరటుగా ఉంటుంది. ఉన్నిని పలుచని పొరలుగా పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కకు రెండు వైపులా పరిచి, గోరువెచ్చని సబ్బు నీటితో రుద్ది అట్టగట్టించి, ఒక అంచు కోసి ఫిల్మును బయటకు లాగితే అతుకు లేని సంచి వస్తుంది. కొలతలో మూడో వంతు దాకా తగ్గిపోతుందని లెక్క వేసుకొని ఫిల్మును అంత పెద్దదిగా కత్తిరించుకోవాలి.

మీ ఉత్తరంలో ఎవరో ఇది మంచు దేశాల పని, మనకెందుకు అన్నారని రాశారు. సైబీరియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో ఉన్న పజిరిక్ అనే ప్రాచీన సమాధులను 1940లలో పురావస్తు శాస్త్రవేత్త సెర్గీ రుదెంకో తవ్వించినప్పుడు, మంచులో గడ్డకట్టి రెండు వేల ఏళ్లకు పైగా చెడకుండా నిలిచిన వస్తువుల్లో ఫెల్ట్‌తో చేసిన హంసలు దొరికాయి. వాటిని ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంచారు. నీటి పక్షిని ఉన్నితో మలచడం అంత పాతది. మన దేశంలో కాశ్మీరులో నేల మీద పరిచే నమ్దాలు ఉన్నిని అట్టగట్టించి చేసినవే. మన కాపరి భుజం మీది గొంగడి నేసిన బట్టే అయినా, వానలకూ రాపిడికీ ఏళ్ల తరబడి అట్టగట్టి నీరు దిగనంత చిక్కబడుతుంది. ఈ గుణం మన ఊళ్లకు కొత్తది కాదు.

పక్షిని ఒక్కదాన్నే చేసి నున్నని చెక్క మీద నిలబెడితే అది అందమైన బొమ్మ అవుతుంది, అంతవరకే. మీరు ప్రకృతి గురించి చెప్పదలిస్తే ఆ పక్షి దేని మీద బతుకుతోందో కూడా చేతికి అందాలి. నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. గూళ్ల కింద ఆకులు, కొమ్మలు రెట్టతో సున్నం కొట్టినట్లు తెల్లబడతాయి. ఆ రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు అవుతుందని అక్కడి రైతులు ఆ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. మీ గూడబాతు కింది కొమ్మ మీద ఆ తెలుపును పెట్టడానికి వెనుకాడకండి. అది మురికి కాదు, ఆ ఊరికీ ఆ పక్షికీ ఉన్న సంబంధం. రాజహంస పీఠానికి పాత గొంగడి ముక్కను తడిపి ముడతలుగా పరిస్తే లోతు తక్కువ నీటి అడుగున ఉండే నల్ల బురదలా ఉంటుంది. దాని కింది చెక్కకు సర్కారు తుమ్మను వాడండి, మన వైపు చిల్లకంప అంటాం. బయటి నుంచి వచ్చి మన బీళ్లనూ చెరువు గట్లనూ ఆక్రమించిన చెట్టు కనుక నరికినందుకు బాధ లేదు; బాగా ఎండిన మొద్దునే తీసుకోండి.

నిజమైన ఈకలను, గూటి పుల్లలను మాత్రం అభయారణ్యం నుంచి తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ నుంచి ఏదీ తీసుకురాకూడదు. పైగా ఈక అతికించిన చోట ఉన్ని పని వెలవెలబోతుంది.

చివరగా పురుగు. నేను నాలుగేళ్లు కష్టపడి చేసిన ఏడు గూడబాతుల గుంపును ఒక ప్రదర్శన నిర్వాహకులు అక్టోబరు నుంచి జనవరి దాకా చీకటి గదిలో అట్టపెట్టెల్లో ఉంచారు. తిరిగి వచ్చేసరికి మెడల మీద దారుల్లా తినేసిన గీతలు, అడుగున ఇసుకలాంటి రెట్ట ఉన్నాయి. రెండింటిని మాత్రమే బాగు చేయగలిగాను. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అది చీకటిని, కదలిక లేని చోటును, చెమట లేదా జిడ్డు అంటిన ఉన్నిని వెతుక్కుంటుంది. వేపాకు దాన్ని చంపదు. నాఫ్తలీన్ ఉండల ఆవిరి మనుషులకూ మంచిది కాదు కనుక పిల్లలున్న ఇంట్లో వాడను. బొమ్మను గాలి చొరని సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల చల్లదనం ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకుండా ఉండండి. విప్పితే తేమ ఉన్ని మీదే చేరుతుంది. కొత్తగా తెచ్చిన ప్రతి ఉన్ని మూటకు కూడా ఇదే చేయాలి, ఒక్క మూట నుంచే ఇల్లంతా అంటుకుంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు నీటి ఆవిరిని పీల్చుకొని కూడా పైకి పొడిగానే అనిపిస్తుంది. అందువల్ల తడి పని ఏదైనా మన ఈశాన్య వానలు మొదలుకాకముందే, సెప్టెంబరు లోపు ముగించి ఫ్యాను గాలికి వారం రోజులు ఆరబెట్టండి. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగలో చూపాలనుకుంటే ఈ లెక్క మరీ అవసరం.

మీరు ముందుగా రాజహంసను కాక, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు పిల్లను నిజమైన పరిమాణంలో చేయండి. అది సుమారు 4 సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది, రంగు ముదురు బూడిద, దక్కనీ నల్ల ఉన్నికి సరిగ్గా సరిపోతుంది, తీగ అవసరం లేదు. పిడికెడు ఉన్నితో రెండు రోజుల్లో ఒకటి పూర్తవుతుంది. పది చేసేసరికి ఏ లోతుకు సూది దించితే ఉన్ని ఎంత బిగుస్తుందో మీ వేళ్లకు తెలుస్తుంది. వాటి ఫొటోలను పై నుంచి కాక పక్క నుంచి తీసి పెట్టండి. డిప్ప వంపు ఎక్కడ జారిందో చూసి చెబుతాను.